టేటమ్‌ని విన్నాక కీబోర్డు మూసేసిన అమ్మాయికి

ప్రశ్న: నమస్తే సార్. నాకు 23 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు వెస్టర్న్ క్లాసికల్ పియానో గ్రేడ్ పరీక్షలు రాశాను. మూడేళ్లుగా జాజ్ నేర్చుకుంటున్నాను. ఆస్కార్ పీటర్సన్ అంటే నాకు ప్రాణం. ఆయన వాయించినవే పట్టుకుని సాధన చేస్తుంటాను. ఆయన కెనడా జాజ్ పియానిస్టు. ఈ మధ్య తెలిసినవాళ్ల ఇంట్లో వాయిస్తే ఒక పెద్దాయన "బాగుందమ్మా, కానీ ఇదంతా పీటర్సన్ కాపీ కదా, ఇందులో నీదేముంది?" అన్నారు. అదే వారం ఒక ఫ్రెండ్ పాతతరం జాజ్ పియానిస్టు ఆర్ట్ టేటమ్ వాయించిన 'టైగర్ రాగ్' పంపించాడు. అది విన్నాక ఇక నా వల్ల కాదనిపించింది. మూడు వారాలుగా కీబోర్డు మీద కవర్ కూడా తీయలేదు. సొంత బాణీ వచ్చేదాకా ఎవరినీ వినకుండా ఉండటం మంచిదా? నా చేతులు కూడా చిన్నవి. మీ మీద ఏ పియానిస్టుల ప్రభావం ఉంది, దాన్నుంచి మీరెలా బయటపడ్డారు? నేను మీకంటే చాలా చిన్నదాన్ని, నువ్వు అనే రాయండి.
– ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా,

నీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. నేను బయటపడలేదు. పియానో ముందు కూర్చోవడం మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ నా ఎడమ చెయ్యి ఒకరి దగ్గర తెచ్చుకున్నది, కుడి చెయ్యి మరొకరి దగ్గర తెచ్చుకున్నది. ఎక్కడ ఆగాలో నేర్పింది ఇంకొకాయన. ఒక వయసులో వాళ్లందరినీ వదిలించుకోవాలని పట్టుబట్టి రెండేళ్లు ఎవరినీ వినలేదు. ఆ రెండేళ్లలో నేను వాయించినదాంట్లో ఇవాళ గుర్తుపెట్టుకోదగ్గది ఒక్కటీ లేదు. నువ్వు కూడా అదే ఆలోచనలో ఉన్నావని చూసి వెంటనే రాయడానికి కూర్చున్నాను.

ముందు నీ పీటర్సన్ సంగతే చూద్దాం, ఎందుకంటే నీకు వచ్చిన కష్టం సరిగ్గా ఆయనకీ వచ్చింది, అదే రికార్డుతో.

పీటర్సన్ 1925లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టాడు. తండ్రి కెనడియన్ పసిఫిక్ రైల్వేలో పోర్టరు. పిల్లలందరూ సంగీతం నేర్చుకుని తీరాలని ఆయన పట్టు. ఆస్కార్ పియానోతో పాటు ట్రంపెట్ కూడా మొదలుపెట్టాడు. ఏడేళ్లప్పుడు క్షయ వచ్చింది. దాంతో ట్రంపెట్ ఊదడం ఆగిపోయి పియానో మిగిలింది. కాస్త పెద్దయ్యేసరికి తోటి పిల్లల్లో మంచి పేరొచ్చింది, పేరుతో పాటు ధీమా కూడా వచ్చింది. తండ్రి అది గమనించి టేటమ్ 'టైగర్ రాగ్' రికార్డు తెచ్చి వినిపించాడు. ఇద్దరు మనుషులు కలిసి వాయిస్తున్నారని కుర్రాడు అనుకున్నాడు. ఒక్కడే అని తెలిశాక కొన్ని వారాల పాటు పియానో జోలికే వెళ్లలేదు. రాత్రుళ్లు ఏడ్చేవాడినని పెద్దయ్యాక ఆయనే చెప్పాడు.

కాబట్టి నీ మూడు వారాల గురించి టెన్షన్ పడకు. ఆ రికార్డు విని ఏమీ అనిపించకపోతే నేను కంగారుపడేవాణ్ని.

ఆ తర్వాత ఆయన ఏం చేశాడన్నది ఇంకా ముఖ్యం. టేటమ్‌ని వినడం మానలేదు, జీవితమంతా విన్నాడు. తర్వాత ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. అయినా టేటమ్ గదిలో ఉంటే వాయించడానికి పీటర్సన్ జంకేవాడు. 1949లో కార్నెగీ హాల్లో వాయించి అమెరికాలో పేరు తెచ్చుకున్న మనిషికి కూడా ఆ జంకు పోలేదు. టేటమ్‌లా అవడం ఎవరి వల్లా కాలేదు, పీటర్సన్ వల్ల కూడా కాలేదు. అందులో నీ లోపం ఏమీ లేదు.

పీటర్సన్‌లో టేటమ్ ఒక్కడే లేడు. నాట్ కింగ్ కోల్ ఉన్నాడు. మనవాళ్లలో చాలామందికి కోల్ అంటే పాటగాడే. పాటతో పేరు రాకముందు ఆయన గొప్ప పియానిస్టు. 1937లో పియానో, గిటారు, డబుల్ బేస్, ముగ్గురే ఉండే ట్రియో పెట్టాడు. డ్రమ్స్ లేవు. ఆ అమరిక ఎంత నచ్చిందంటే 1943లో టేటమ్ కూడా అదే పద్ధతిలో ట్రియో కట్టాడు. పదేళ్ల తర్వాత బేస్ మీద రే బ్రౌన్, గిటారు మీద హెర్బ్ ఎల్లిస్‌లతో పీటర్సన్ పేరు మోగించిన ట్రియోది కూడా అదే అమరిక. 1965లో కోల్ చనిపోయినప్పుడు ఆయన పాటలతో పీటర్సన్ ఒక రికార్డు చేశాడు. అందులో పియానో వాయించడమే కాకుండా పాటలూ పాడాడు. కళ్లు మూసుకుని వింటే కోలే పాడుతున్నాడేమో అనిపిస్తుంది. అప్పటికి పీటర్సన్‌కి నలభై ఏళ్లు, ప్రపంచమంతా తెలిసిన పేరు. ఇంకొకరిలా వినిపిస్తున్నానని ఆయనేం సిగ్గుపడలేదు. తనకి ఇష్టమైన మనిషి పోయాడు, ఆ మనిషి గొంతుతోనే పాడాడు.

ఇంకొకటి కూడా విను. కుర్రతనంలో పీటర్సన్‌కి క్లాసికల్ నేర్పిన గురువు పాల్ డి మార్కీ హంగరీ నుంచి వచ్చినవాడు. ఆయన గురువు ఇష్ట్వాన్ తొమాన్, తొమాన్ గురువు 19వ శతాబ్దపు మహా పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్. నువ్వు పీటర్సన్‌వి అనుకుని సాధన చేస్తున్న ఆ పరుగుల్లో లిస్ట్ వేళ్లు కూడా ఉన్నాయి. గ్రేడ్ పరీక్షల కోసం లిస్ట్‌ని వాయించి ఉంటే నీకూ ఆయనకీ అక్కడే చుట్టరికం ఉంది.

ఇక నా సంగతి అడిగావు కాబట్టి చెప్తాను.

నేను పెరిగింది వాల్తేరు రైల్వే క్వార్టర్లలో. మా నాన్నగారు గుమాస్తా ఉద్యోగం చేస్తూ పద్యనాటకాలకి హార్మనీ వాయించేవారు. 'రాయబారం' పద్యాలు తెల్లవార్లూ నడిచేవి. నేను ఆయన పక్కనే చాప మీద కూర్చుని, హార్మనీ మెట్ల మీద ఆయన వేళ్లు చూస్తూ నిద్రపోయేవాణ్ని. కొత్త కృష్ణుడు రంగం మీదకొచ్చి మొదటి పద్యం ఎత్తుకోగానే ముందు వరుసలో పెద్దవాళ్లు "ఇది పీసపాటి బాణీ" అనో, "షణ్ముఖి బాణీ పట్టాడు కుర్రాడు" అనో అనేవారు. ఆ మాటలో తీసిపారేయడం ఉండేది కాదు. ఈ కుర్రాడు ఎక్కణ్నించి వస్తున్నాడో తెలిసిందని, ఇక స్థిమితంగా వినొచ్చని దాని అర్థం. నిన్ను ప్రశ్నించిన ఆ పెద్దాయన మంచి మనసుతోనే అని ఉండొచ్చు. కానీ మా ముందు వరుస పెద్దలైతే "పీటర్సన్ బాణీ, బాగా పట్టావు" అని, తర్వాతి పద్యం కోసం ఎదురుచూసేవారు.

మా పక్క లైన్లో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఉండేవారు. ఇంజిన్ డ్రైవరుగా రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులకి పియానో వాయించేవారట. ఆయన ఇంట్లో నిలువు పియానో ఉండేది. సముద్రపు గాలికి కొన్ని మెట్లు నొక్కితే పైకి లేచేవి కావు, వేలితో ఎత్తాల్సి వచ్చేది. రాత్రుళ్లు ఆయన షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టేవారు. విల్లిస్ కోనోవర్ అనే ఆయన జాజ్ కార్యక్రమం నడిపేవాడు. ఇంగ్లిష్ అంతగా రానివాళ్ల కోసం ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా చెప్పేవాడు. నాకు ఇంగ్లిషూ, జాజూ రెండూ అక్కడే మొదలయ్యాయి. ఒక రాత్రి గరగరల మధ్య ఒక పియానో వినిపించింది. స్వరం కొట్టి వదిలేసినట్టు కాకుండా, గదిలో ఉంచి వెళ్లినట్టు ఉంది. అది బిల్ ఇవాన్స్.

ఆ తర్వాత కొన్నేళ్లు నేను ఇవాన్స్ తప్ప మరొకటి వాయించలేదు. ఆయనలా మెడ వంచి కూర్చోవడం కూడా నేర్చుకున్నాను. అప్పుడు నీకు ఎదురైన మాటే నాకూ ఎదురైంది. ఒక చోట వాయించాక ఒకాయన "ఒరిజినల్ మా ఇంట్లో ఉందండీ" అన్నాడు. ఆ మాటకే ఇందాక చెప్పిన ఆ రెండేళ్లు నేను చెవులు మూసుకున్నాను.

అందులోంచి బయటికి లాగింది ఆ డ్రైవరుగారే. "ఇవాన్స్ ఎవరిని విన్నాడో తెలుసా నీకు?" అని అడిగారు. తెలియదన్నాను. "మరి నువ్వు సగమే కాపీ కొట్టావు" అన్నారు. కోపంగా అనలేదు, లెక్క తప్పు చూపించే మాస్టారిలా అన్నారు. ఒక రికార్డు తీసి పెట్టారు. అది బడ్ పవెల్. వింటే ఇవాన్స్ మెత్తదనం అందులో ఇసుమంతైనా లేదు. నిప్పులు చెరుగుతున్నట్టు ఉంది. కానీ మూడోసారి వినేటప్పటికి నాకు ఒళ్లు జలదరించింది. వాక్యం ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ వంపు తిరుగుతోంది, ఏ స్వరం మీద ఊపిరి తీసుకుంటోంది, అదంతా నేను ఇవాన్స్ దగ్గర విన్నదే. ఇవాన్స్ దాన్ని తీసుకుని, క్లాసికల్ స్వరకర్తలు డెబ్యుసీ, రవెల్, బాఖ్‌ల దగ్గర నేర్చుకున్న రంగులు వేశాడు. నాకు ఆ రంగులు మాత్రమే కనిపించాయి, లోపలి గీత కనిపించలేదు.

అమ్మా, నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే. పీటర్సన్‌ని వదలకు. పీటర్సన్ ఎవరిని విన్నాడో వాళ్ల దగ్గరికి వెళ్లు. అక్కణ్నించి వాళ్లు విన్నవాళ్ల దగ్గరికి వెళ్లు.

వెళ్తే ఏమవుతుందో చూడు. నాట్ కోల్ షికాగోలో పెరిగాడు. కుర్రతనంలో ఆయనకి ఆరాధ్యుడు పియానిస్టు అర్ల్ హైన్స్. హైన్స్ దగ్గరికి వెళ్లి విను. కుడి చెయ్యి చాలా చోట్ల ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో, అంటే ఆక్టేవ్‌లలో, గట్టిగా పలికిస్తుంది. ఎందుకంటే మైకులు సరిగా లేని రోజుల్లో బ్యాండ్ హోరులో పియానో వినపడాలి. ఇత్తడి వాద్యంలా మోగాలి. అందుకే దాన్ని ట్రంపెట్ పద్ధతి అన్నారు. 1928లో హైన్స్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇద్దరే కూర్చుని 'వెదర్ బర్డ్' అనే జంట వాయింపు రికార్డు చేశారు. ఒక ట్రంపెట్, ఒక పియానో, ఇంకేమీ లేవు. దాదాపు వందేళ్లయినా ఆ మూడు నిమిషాల దగ్గర నాకు ఇంకా నేర్చుకోవాల్సింది మిగిలే ఉంది. అంటే పీటర్సన్ నుంచి రెండు తరాలు వెనక్కి నడిస్తే నీకు ఒక ట్రంపెట్ ఎదురవుతుంది. ఏడేళ్లప్పుడు పీటర్సన్ చేతిలోంచి జారిపోయిన వాద్యం కూడా అదే కదా, అది తలుచుకున్నప్పుడల్లా నా మనసు ఎలాగో అయిపోతుంది.

బడ్ పవెల్ కథ కూడా అలాగే ఉంటుంది. ఆయన 1924లో హార్లెమ్‌లో పుట్టాడు. టేటమ్‌ని నూరిపోసుకున్నవాడే. తనకంటే ఏడేళ్లు పెద్దవాడైన పియానిస్టు థెలోనియస్ మంక్ ఆయన్ని వెంటబెట్టుకుని తిప్పాడు. కానీ పవెల్ కుడి చేతిలో వినపడేది చార్లీ పార్కర్ సాక్సఫోన్. ఊపిరితో పలికే వాద్యం నడకని సుత్తులతో పలికే వాద్యం మీదకి తెచ్చాడు. 1945లో పోలీసులు తల మీద కొట్టిన దెబ్బలు, ఆ తర్వాత మానసిక ఆసుపత్రులు, కరెంటు షాకులు, ఇవన్నీ పడి 41 ఏళ్లకే పోయాడు. ఆ బతుకులోంచి ఆ సంగీతం వచ్చిందని తలుచుకుంటే నాకు మాట రాదు.

నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే నువ్వు పియానిస్టులని మాత్రమే వింటున్నట్టున్నావు. అక్కడే చిక్కు. ఆ పియానిస్టులు పియానిస్టులని మాత్రమే వినలేదు. ట్రంపెట్‌నీ, సాక్సఫోన్‌నీ, పాడేవాళ్లనీ విన్నారు. మీ ఇంట్లో ఎవరైనా కర్ణాటక సంగీతం పాడుతుంటే దాన్నీ విను. కానీ పియానో మీద గమకాలు పలికించాలని తంటాలు పడకు, మెట్టుకీ మెట్టుకీ మధ్య అక్కడ స్వరం లేదు. పాడేవాళ్లు ఒక సంగతి ఎక్కడ ఎత్తుకుని ఎక్కడ దించుతారో, నెరవులో ఒకే పాదాన్ని ఎన్ని రకాలుగా తిప్పుతారో గమనించు. మనవాళ్లు మనోధర్మం అనేది, జాజ్‌వాళ్లు ఇంప్రొవైజేషన్ అనేది ఆ చోట బాగా దగ్గరగా ఉంటాయి. అమెరికాలో ఇప్పుడు పేరున్న పియానిస్టుల్లో విజయ్ అయ్యర్ తమిళ తల్లిదండ్రుల బిడ్డ. చిన్నప్పుడు నేర్చుకున్నది వయొలిన్, పియానో చాలావరకు సొంతంగా చెవితో పట్టుకున్నాడు. ఎవరి ప్రభావం అని అడిగితే మంక్, డ్యూక్ ఎలింగ్టన్ పేర్లు ఆయనే చెప్తాడు, దాచుకోడు.

ఈ పరంపర మన దేశానికి మరీ దూరమేమీ కాదు. 1920లలో హైన్స్‌తో పాటు షికాగోలో పేరున్న పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ ఓడెక్కి ఆసియాకి వచ్చేశాడు. బొంబాయి తాజ్ హోటల్లో, కలకత్తా గ్రాండ్ హోటల్లో వాయించాడు. 1945లో కలకత్తాలోనే కలరాతో చనిపోయాడు. మా డ్రైవరుగారు ఆయన పేరు చెప్పినప్పుడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకునేవారు.

కాపీ అనే మాట దగ్గరికి మళ్లీ వస్తాను. 1910ల చివర్లో హార్లెమ్ పియానిస్టుల్లో పెద్ద దిక్కు జేమ్స్ పి. జాన్సన్. ఆయన కట్టిన 'కెరోలినా షౌట్' వాయించగలిగితేనే పియానిస్టు అన్నట్టుండేది. ఆ రోజుల్లో పియానో రోల్స్ ఉండేవి. చిల్లులు పొడిచిన కాగితపు చుట్టని యంత్రపు పియానోలో పెడితే మెట్లు వాటంతటవే కిందకి దిగుతాయి. వాషింగ్టన్‌లో ఒక కుర్రాడు ఆ చుట్టని బాగా నెమ్మదిగా తిప్పి, దిగుతున్న మెట్ల మీద తన వేళ్లు పెట్టి, ఒక్కొక్క మెట్టూ నేర్చుకున్నాడు. తర్వాత జాజ్‌లో మహా స్వరకర్త అయిన డ్యూక్ ఎలింగ్టనే ఆ కుర్రాడు. ఫ్యాట్స్ వాలర్ కూడా ఆ రోల్ మీదే సాధన చేసి, తర్వాత జాన్సన్‌కే శిష్యుడయ్యాడు. ఆ వాలర్‌ని విని టేటమ్ తయారయ్యాడు. ఇంకొకరి వేళ్లు దిగిన చోటే తన వేళ్లు పెట్టడం కంటే పెద్ద కాపీ ఉంటుందా? ఎలింగ్టన్ సంగీతం విని "నీదేముంది" అని అడిగే ధైర్యం ఎవరికుంది?

నీ దగ్గర రోల్ లేదు కానీ ఫోన్‌లో రికార్డింగ్‌ని నెమ్మది చేసే యాప్ ఉంది. పని అదే.

చిన్న చేతుల గురించి కూడా బాధపడ్డావు. దీని మీద కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే అనవసరంగా కుంగిపోతారు. జాన్సన్, వాలర్‌లది స్ట్రైడ్ పద్ధతి. ఎడమ చెయ్యి ఒకటో దెబ్బకి, మూడో దెబ్బకి కింద మంద్రంలో స్వరం వేసి, రెండో దెబ్బకి, నాలుగో దెబ్బకి మధ్యకి ఎగిరొచ్చి కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి, వేయాలి. తాళం, శ్రుతి, అడుగు స్వరం అన్నీ ఆ ఒక్క చెయ్యే మోయాలి, పక్కన ఇంకెవరూ లేకపోయినా సరిపోవాలి. పెద్ద చేతులవాళ్లు కింద ఒక్క స్వరంతో ఆగకుండా పది మెట్ల దూరంలో ఉన్న స్వరాన్ని కూడా కలిపి పట్టేవారు. నీ చెయ్యి అంత సాగదు. సాగదీయకు, నరాలు దెబ్బతింటాయి.

ఇప్పుడు పవెల్ ఎడమ చెయ్యి చూడు. చాలాసార్లు రెండే స్వరాలు. అడుగు స్వరం, దానిపైన ఏడోదో మూడోదో, అంతే. డబుల్ బేస్, డ్రమ్స్ పక్కన ఉన్నాయి కాబట్టి తాళం మోసే పని వాళ్లకి వదిలేశాడు. ఇవాన్స్ ఇంకొంచెం ముందుకెళ్లి అడుగు స్వరాన్ని కూడా వదిలేశాడు. అది బేస్ వాయించేవాడు చూసుకుంటాడు, నేను మధ్యలో నాలుగు స్వరాలు దగ్గర దగ్గరగా పెడతాను అన్నాడు. ఆ నాలుగూ నీ చేతి కింద హాయిగా పడతాయి. జాజ్ పియానోలో ఎడమ చెయ్యి చరిత్ర అంతా ఏది ఎవరికి వదిలేశారన్న చరిత్రే. నీ చెయ్యి పట్టలేనిదాన్ని వదలడం మొదలుపెట్టు, ఏది వదిలావో నీకు తెలిసి వదులు. మంక్ కూడా జేమ్స్ పి. జాన్సన్ ఉండే పేటలోనే పెరిగాడు. ఆయన స్ట్రైడ్ నుంచి ఎన్ని స్వరాలు తీసేశాడో, తీసేశాక కూడా పాత స్ట్రైడ్ నడక ఎలా వినపడుతోందో ఒక సాయంత్రం కూర్చుని విను. ఎక్కడ ఆగాలో నాకు నేర్పింది ఆయనే.

మీ పీటర్సన్‌కే 1993లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి దెబ్బతింది. చాలాకాలం సాధన చేసి మళ్లీ వేదిక ఎక్కాడు కానీ ఆ చెయ్యి పాతలా కాలేదు. ఆ తర్వాతి రికార్డులు విను. స్వరాలు సగమయ్యాయి, అయినా రెండు నిమిషాల్లో పీటర్సన్ అని చెప్పేయొచ్చు. నువ్వు ఆయనలో ప్రేమించింది వేగాన్నే అయితే ఆ రికార్డులు నీకు నచ్చవు. నచ్చితే, ఇంకేదో నిన్ను పట్టుకుందన్నమాట. అదేమిటో కనుక్కో.

నువ్వు అడగకపోయినా ఒకావిడ గురించి చెప్పకుండా ఉండలేను. మేరీ లూ విలియమ్స్. 1910లో అట్లాంటాలో పుట్టి పిట్స్‌బర్గ్‌లో పెరిగింది. వాళ్లమ్మ పసిపిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, కాళ్లతో తొక్కే ఆర్గన్ వాయించేది. ఒకరోజు ఆమె వాయించినదాన్నే ఆ పసివేళ్లు తిరిగి వాయించాయి. నాన్న హార్మనీ పక్కన పెరిగినవాణ్ని కాబట్టి ఈ మాట నాకు ఎప్పుడూ దగ్గరగా అనిపిస్తుంది. చిన్నప్పుడు ఒక థియేటర్లో లవీ ఆస్టిన్ అనే పియానిస్టుని చూసిందట. ఆవిడ మగవాళ్ల బ్యాండుని నడిపిస్తూ, ఎడమ చేత్తో పియానో వాయిస్తూ, కుడి చేత్తో తర్వాతి అంకానికి స్వరాలు రాస్తోంది. నేను కూడా ఇలా చేస్తానని ఆ పిల్ల అప్పుడే అనుకుంది, చేసి చూపించింది కూడా. 1940లలో హార్లెమ్‌లో ఆమె ఇల్లు పియానిస్టులకి సత్రంలా ఉండేది. మంక్, పవెల్, టాడ్ డామరాన్ క్లబ్బుల్లో పని ముగించుకుని అక్కడ చేరేవారు. తామేం కొత్తగా కట్టారో ఆమెకి వినిపించేవారు. మనం మహానుభావులు అనుకునేవాళ్లందరూ తెల్లవారుజామున ఒక ఆడమనిషి గదిలో కూర్చుని, ఆమె ఏమంటుందో అని ఎదురుచూశారు. హైదరాబాద్‌లో ఒక అమ్మాయి జాజ్ పియానో పట్టుకుని 'ఇది నాకు తగునా' అని సందేహపడినప్పుడు నాకు ముందు ఆ గదే గుర్తొస్తుంది.

సరే, పని చెప్తాను.

ఇవాళ ఆఫీసు నుంచి రాగానే కవర్ తీసి తుడువు. వాయించక్కర్లేదు. రేపు 'కైండ్ ఆఫ్ బ్లూ' అనే మైల్స్ డేవిస్ రికార్డు పెట్టు, 1959 నాటిది. అందులో పియానో అంతా ఇవాన్స్‌దే, రెండో పాట 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' ఒక్కటి మాత్రం వింటన్ కెల్లీది. బ్యాండ్ మిగతా అంతా అదే, స్టూడియో అదే, పియానిస్టు ఒక్కడే మారాడు. మొదటి పాట, రెండో పాట మార్చి మార్చి విను. కెల్లీ స్వరాలు పొట్టిగా, నవ్వుతూ దూకుతాయి. ఇవాన్స్ స్వరాలు నిలబడి చుట్టూ చూస్తాయి. ఇద్దరూ ఒకే కాలంలో ఒకే పాత పెద్దలని విన్నవాళ్లే. ఇద్దరిలో నీ ఒళ్లు దేనికి కదులుతుందో చూసుకో. నా కుడి చెయ్యి చివరికి ఇవాన్స్‌ని దాటి కెల్లీ దగ్గరికి చేరింది, అది నేను అనుకుని చేసింది కాదు.

తర్వాత పీటర్సన్ దగ్గరికి రా. వేగంగా వాయించినవి వద్దు. నెమ్మదైన పాట ఒకటి తీసుకుని, అందులో నీకు బాగా నచ్చిన ఎనిమిది బార్లు (తాళపు ఆవర్తాలు) ఎంచుకో. 1966లో ఇవాన్స్ తన అన్న హ్యారీతో మాట్లాడుతూ ఈ సంగతే చెప్పాడు. మొత్తాన్ని పైపైన అనుకరించేసి వచ్చేసిందనుకోవద్దని, చిన్న ముక్కైనా నిజంగా, కచ్చితంగా చేయమని చెప్పాడు. ఆ ఎనిమిది బార్లే నెలంతా. పుస్తకంలో స్వరాలు దొరుకుతాయి, చూడకు. చెవితో పట్టు. పియానో ముట్టుకోకుండా ముందు నోటితో పాడు. గొంతు బాగుండక్కర్లేదు. ఎక్కడ ఊపిరి తీసుకున్నావో అక్కడ గుర్తు పెట్టుకో. వేళ్లు ఊపిరి తీసుకోవు కాబట్టి గొంతుతోనే ఆ సంగతి తెలుస్తుంది. పాడటం వచ్చాకే వాయించు.

రెండో నెల అదే పాట నాట్ కోల్ వాయించి ఉంటే వెతుకు, లేకపోతే ఆయనది ఇంకొకటి తీసుకో. మూడో నెల హైన్స్. నాలుగో నెల ఆర్మ్‌స్ట్రాంగ్, అక్కడ పియానో లేకుండా ట్రంపెట్‌నే పాడి, తర్వాత నీ కుడి చేత్తో పలికించు. ఆ మధ్యలో మనసైతే మళ్లీ ఆ 'టైగర్ రాగ్' పెట్టుకో. ఈసారి కుడి చెయ్యి వినకు, ఎడమ చేతినే విను. అంత హోరు కిందా వాలర్ నడక వినపడుతుంది. అది వినపడిన రోజు టేటమ్ కూడా ఒకరి శిష్యుడిగా కనిపిస్తాడు, నీ భయం చాలావరకు తగ్గుతుంది.

ఆ పెద్దాయన మళ్లీ కనిపిస్తే ఆయన ప్రశ్నకి జవాబు చెప్పాలని తొందరపడకు. ఆయన కూడా ఏం విని పెరిగారో అడుగు. మంచి రికార్డులు ఉండి ఉండొచ్చు.

మొదటి నెల అయ్యాక, ఆ ఎనిమిది బార్లు నువ్వు పాడింది ఫోన్‌లో రికార్డ్ చేసి నాకు పంపించు. పియానో వద్దు, గొంతు చాలు.